వర్డ్ ఐకాన్‌లోంచి కాగితం ఎటు పోయింది?

2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ ఐకాన్లన్నిటినీ మార్చింది. వర్డ్ ఐకాన్‌లో అంతకుముందు నాలుగు నీలం పట్టీలు ఒకదాని కింద ఒకటి ఉండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. అంచులు గుండ్రంగా వంపు తిరిగాయి, రంగు లేత నుంచి ముదురుకి జారుతోంది, తెల్లటి డబ్ల్యు అక్షరం మాత్రం ఎడమ వైపు చిన్న గడిలో అలాగే ఉంది. చాలామంది చూసి వదిలేసి ఉంటారు. నాకు వదలబుద్ధి కాలేదు. రాతే నా పని, కంప్యూటర్ ఆన్ చేయగానే చెయ్యి ముందు పోయేది ఆ నీలం బొమ్మ మీదకే, అందులో ఒక గీత తగ్గినా కంటికి తెలిసిపోతుంది. దాంతో పాత ఐకాన్లు దొరికినవన్నీ వరసగా పెట్టుకుని చూశాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ బొమ్మలోంచి కాగితం కొద్దికొద్దిగా పక్కకి తప్పుకుంటూ వచ్చి, ఆఖరికి పూర్తిగా పోయింది. ప్రోగ్రామ్ తెరిస్తే మాత్రం కాగితం ఎక్కడికీ పోలేదు, ఆ తెల్లటి పేజీ మార్జిన్లతో సహా అక్కడే ఉంది. అందుకే ఈ రివ్యూలో లోగో గురించీ, లోగో వెనకున్న సరుకు గురించీ కలిపి రాస్తున్నాను.

మొదట్లో వర్డ్‌కి ఐకాన్ లేదు, ఉండే చోటు కూడా లేదు. 1983 అక్టోబర్‌లో డాస్ (విండోస్‌కి ముందు, ఆదేశాలు టైప్ చేసి నడిపే వ్యవస్థ) కోసం వచ్చిన మొదటి వర్డ్‌ని తెరవాలంటే నల్ల తెర మీద దాని పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. లోగో అంటే అప్పట్లో కంపెనీ లోగోనే. మైక్రోసాఫ్ట్ పేరు మధ్యలో ఉండే ‘ఓ’ (O) అక్షరాన్ని అడ్డగీతలతో నింపి గీసేవాళ్లు, దానికి బ్లిబెట్ అని ముద్దుపేరు కూడా ఉండేది. 1987లో అది పోయి వాలు అక్షరాల లోగో వచ్చింది, 2012లో నాలుగు రంగుల చదరాలు వచ్చాయి. ఇదంతా కంపెనీ కథ, మనకి కావలసింది డబ్ల్యు కథ.

ఆ డబ్ల్యు రావడానికి పేరే కారణం. ఈ ప్రోగ్రామ్‌ని మొదట మల్టీ-టూల్ వర్డ్ అనేవారు. మైక్రోసాఫ్ట్‌లో మార్కెటింగ్ చూసిన రోలండ్ హాన్సన్ పేర్లు సూటిగా ఉండాలన్నాడు, ముందు కంపెనీ పేరు, పక్కన ఒక మామూలు మాట, అంతే. అలా మల్టీ-టూల్ ఎగిరిపోయి మైక్రోసాఫ్ట్ వర్డ్ మిగిలింది. అప్పటికే మార్కెట్లో ఉన్న వర్డ్‌స్టార్, వర్డ్‌పర్ఫెక్ట్ కూడా డబ్ల్యుతోనే మొదలవుతాయి, మూడింటి పేర్లలోనూ అదే మాట ఉంది. కానీ ఇవాళ నీలం డబ్ల్యు చూపిస్తే ఎవరైనా ఒక్క ప్రోగ్రామ్ పేరే చెబుతారు. ఒక అక్షరాన్ని ఇలా సొంతం చేసుకోవడం లోగో గీసినవాళ్ల వల్ల మాత్రమే అయ్యే పని కాదు, పేరు పెట్టినవాళ్ల చెయ్యి కూడా అందులో ఉంది.

డాస్ వర్డ్‌ని ఇప్పుడు చూస్తే విచిత్రంగా ఉంటుంది. మెనూ పైన ఉండదు, తెర అడుగున ఉంటుంది. ఎస్కేప్ కొడితే అందులోకి వెళ్తాం. ఫైల్ తెరవాలంటే ట్రాన్స్‌ఫర్ అనే ఆదేశంలోకి వెళ్లి లోడ్ అనాలి, దాచాలంటే మళ్లీ ట్రాన్స్‌ఫర్‌లోకే వెళ్లి సేవ్ అనాలి. కానీ బోల్డ్ చేసిన మాట తెర మీదే బోల్డ్‌గా కనపడేది, మౌస్ పనిచేసేది, తప్పు చేస్తే అన్‌డూ ఉండేది. మౌస్ అంటే ఏంటో చాలామందికి తెలియని రోజులవి. జనానికి అలవాటు చేయడానికి పీసీ వరల్డ్ పత్రిక 1983 నవంబర్ సంచికతో పాటు వర్డ్ డెమో డిస్క్‌ని ఇచ్చారు, పత్రికతో కలిపి డిస్క్ పంచడం అదే మొదలు అంటారు.

ఇదంతా మైక్రోసాఫ్ట్‌లో పుట్టిన ఆలోచన కాదని కూడా చెప్పాలి. 1974లో జిరాక్స్ వాళ్ల పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ మీద బ్రావో అనే ప్రోగ్రామ్ తయారైంది, తెర మీద ఎలా కనపడుతుందో కాగితం మీదా అలాగే అచ్చు పడాలన్న ఊహకి మొదటి రూపం అదే. దాన్ని చేసినవాళ్లలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ ముఖ్యులు. హంగరీలో పుట్టిన సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌కి వచ్చాడు, జిరాక్స్‌లో తనతో పనిచేసిన రిచర్డ్ బ్రోడీని కూడా తెచ్చుకున్నాడు. మొదటి వర్డ్ కోడ్ రాసింది ఆ బ్రోడీయే. (సిమోనీ తర్వాత సొంత డబ్బుతో రెండుసార్లు, 2007లోనూ 2009లోనూ, అంతరిక్షానికి వెళ్లొచ్చాడు. ఇంత ఆసక్తి ఉన్న మనిషి చేతిలో మొదలైన ప్రోగ్రామ్ ఇది.)

బ్రావో నుంచి వర్డ్‌కి వచ్చిన ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. మనం పేజీ మధ్యలో ఒక మాట చేర్చామనుకోండి. ఆ తర్వాతున్న అక్షరాలన్నిటినీ పక్కకి జరపాలంటే ఆనాటి మెషీన్ల వల్ల అయ్యే పని కాదు. అందుకని అసలు పాఠాన్ని ముట్టుకోకుండా, కొత్త మాటలని వేరేచోట రాసుకుంటూ, ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో ఒక పట్టిక పెట్టుకుంటుంది. దీన్ని పీస్ టేబుల్ అంటారు. అన్‌డూ తేలికవడానికి కారణం కూడా ఇదే, పాతదేదీ చెరిగిపోదు, పట్టిక మారుతుంది అంతే. కానీ ఇదే పద్ధతి వల్ల ఒక తలనొప్పి కూడా వచ్చింది. పాత వర్డ్‌లో ఫాస్ట్ సేవ్ అనే సౌకర్యం ఉండేది, అది మార్పులని మాత్రం ఫైల్ చివర అతికించి ఊరుకునేది. అంటే మనం కొట్టేశామనుకున్న వాక్యం ఫైల్ లోపల ఇంకా ఉండేది, ఆ ఫైల్‌ని వేరే ప్రోగ్రామ్‌లో తెరిచినవాళ్లకి కనపడేది కూడా. 2007 వెర్షన్ వచ్చేసరికి ఆ సౌకర్యం తీసేశారు, మంచి పని చేశారు.

1985లో మ్యాక్‌కి వర్డ్ వచ్చింది. విండోస్‌కి రావడానికి మాత్రం 1989 దాకా పట్టింది. లోపల దాని పేరు ఓపస్, ఏడాది రెండేళ్లలో అయిపోతుందనుకున్న పని దాదాపు అయిదేళ్లు నడిచింది. ఆ మొదటి విండోస్ వర్డ్ కోడ్‌ని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2014 మార్చిలో అందరూ చూసుకునేలా పెట్టింది, ఆసక్తి ఉంటే డౌన్‌లోడ్ చేసుకుని చదవొచ్చు. మన కథకి అసలు మొదలు ఇక్కడే, విండోస్ వచ్చాక ప్రోగ్రామ్‌ని పేరు టైప్ చేసి కాకుండా బొమ్మ నొక్కి తెరవడం మొదలైంది, దాంతో వర్డ్‌కి ఒక ముఖం కావలసి వచ్చింది.

తొంభైల ఐకాన్లు గుర్తు తెచ్చుకోండి. ఒక తెల్ల కాగితం, దాని మీద రాతని సూచించే సన్నటి గీతలు, ముందు పెద్ద నీలం డబ్ల్యు. ఆ రోజుల్లో ఐకాన్ అంటే 32 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు, రంగులు 16. అంత చిన్న గడిలో కాగితం, రాత, పేరు మూడూ చెప్పేశారు. టైప్‌రైటర్ వదిలి కంప్యూటర్‌కి వస్తున్న మనిషికి ఆ బొమ్మ ఏం చెబుతోందో అడగక్కర్లేదు. నా లెక్కలో నిజాయితీ గల ఐకాన్లు అవే. అందంలో తర్వాతివి మెరుగు, ఒప్పుకుంటాను.

ఆ కాలంలోనే వర్డ్‌పర్ఫెక్ట్‌తో పోటీ తేలిపోయింది. డాస్‌లో వర్డ్‌పర్ఫెక్ట్ రాజు, 1989లో వచ్చిన 5.1ని ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు. అందులో రివీల్ కోడ్స్ అనే కిటికీ ఉండేది, బోల్డ్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అంతా గుర్తులతో కనపడేది, ఏదైనా చెడితే ఆ గుర్తుని చెరిపేస్తే సరిపోయేది. వర్డ్‌లో అలాంటిది లేదని ఇప్పటికీ ఫిర్యాదు వింటుంటాం. ఉండకపోవడానికి కారణం ఉంది. వర్డ్ ఆకృతిని (ఫార్మాటింగ్‌ని) గుర్తుల వరసగా చూడదు, పేరాలుగా చూస్తుంది. పేరా ఆకృతి అంతా, అంటే వరసల మధ్య దూరం, ఎడమ మార్జిన్, స్టైల్ (ఒక ఆకృతికంతా కలిపి పెట్టిన పేరు) వగైరా, ఆ పేరా చివరి గుర్తులో దాగి ఉంటుంది. ఎంటర్ కొట్టినప్పుడు పుట్టే, తిరగేసిన పి లాంటి గుర్తు అది. మామూలుగా కనపడదు, కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కితే కనపడుతుంది. రెండు పేరాలని కలిపేసినప్పుడు ఉన్నట్టుండి అక్షరాల అమరిక మారిపోతే కంప్యూటర్ మీద కోపం తెచ్చుకోకండి, మీరు చెరిపింది ఖాళీ చోటు కాదు, ఆకృతి ఉన్న పెట్టెనే చెరిపారు. వర్డ్ గురించి ఒక్క విషయం నేర్చుకుంటే చాలు అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. నలభై ఏళ్లలో ఐకాన్ ఎన్నిసార్లు మారినా ఈ పద్ధతి మారలేదు.

1993లో విండోస్ వర్డ్ 2 నుంచి ఒక్కసారి 6కి దూకింది, అన్ని మెషీన్లలోనూ ఒకే నంబరు ఉండాలన్నది కారణం, వర్డ్‌పర్ఫెక్ట్ 6తో సమానంగా కనపడాలన్న ఆరాటం కూడా ఉంది. ఆ వెర్షన్‌తో ఆటోకరెక్ట్ వచ్చింది. 95లో టైప్ చేస్తుండగానే తప్పు స్పెల్లింగ్ కింద ఎర్ర వంకీ గీత, 97లో వ్యాకరణానికి ఆకుపచ్చ గీత. ఈ ఎర్ర గీత ఇప్పుడు ఫోన్లలో, బ్రౌజర్లలో ప్రతిచోటా ఉంది, మొదట జనానికి అలవాటు చేసింది వర్డే. 97తోనే క్లిప్పీ కూడా వచ్చింది, కెవన్ అటెబెరీ గీసిన ఆ కాగితపు క్లిప్పు బొమ్మ. పిలవకుండా వచ్చి సలహా చెప్పేది. 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో మామూలుగా కనపడకుండా చేశారు, 2007లో తీసేశారు. దాని గురించి ఇంతకంటే రాయను, అందరూ రాశారు.

మ్యాక్ వాళ్లకి మాత్రం ఆ కాలం చేదు. 1992లో వచ్చిన మ్యాక్ వర్డ్ 5.1 చిన్నగా, చురుగ్గా, మ్యాక్ పద్ధతికి తగ్గట్టు ఉండేది. 1994లో వచ్చిన 6 విండోస్ వెర్షన్‌ని తెచ్చి మ్యాక్‌లో దించినట్టు ఉందని, చాలా నెమ్మది అని పెద్ద గొడవే అయింది. చివరికి ఆఫీస్ 98తో మళ్లీ మ్యాక్ తీరుకి తెచ్చారు. వాడేవాళ్లు గట్టిగా చెబితే కంపెనీ వెనక్కి తగ్గడం ఇందులో నాకు నచ్చిన భాగం.

ఇక 2007. ఈ ఒక్క ఏడాదిలో జరిగినన్ని మార్పులు మిగతా ఏ వెర్షన్‌లోనూ లేవు. మెనూలు పోయి రిబ్బన్ వచ్చింది, అంటే పైన ట్యాబ్‌లుగా బటన్లు పరిచిన పట్టీ. వర్డ్ 2003 వచ్చేసరికి అందులో 30కి పైగా టూల్‌బార్లు పోగుపడ్డాయి, అప్పటికే ఉన్న సౌకర్యాలనే జనం కొత్తగా కావాలని అడుగుతున్నారని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. ఉన్నది కనపడకపోతే లేనట్టే కదా. రిబ్బన్‌ని తిట్టనివాళ్లు ఆ ఏడాది లేరు, అలవాటైన చేతికి పాత చోట్లు దొరకలేదు, ఆ బాధ నిజమే. కానీ స్టైల్స్ అనేవి ఉన్నాయని చాలామందికి మొదటిసారి తెలిసింది ఆ రిబ్బన్ వల్లే, హోమ్ ట్యాబ్‌లో కళ్లెదుట పెట్టారు కాబట్టి. నా ఓటు రిబ్బన్‌కే.

అదే ఏడు టైమ్స్ న్యూ రోమన్ పోయి కాలిబ్రి మామూలు ఫాంట్ అయింది. డాక్ (.doc) ఫైళ్ల చోట డాక్స్ (.docx) ఫైళ్లు వచ్చాయి. డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ సంచీ. ఒక కాపీ తీసుకుని చివర ఉన్న డాక్స్ అనే మాట తీసేసి జిప్ అని పెట్టి తెరవండి, లోపల రాతంతా ఎక్స్‌ఎంఎల్ (గుర్తులు చేర్చిన మామూలు పాఠం) రూపంలో ఉంటుంది, బొమ్మలన్నీ మీడియా అనే ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి. యాభై ఫొటోలున్న డాక్యుమెంట్‌లోంచి ఫొటోలు తీయాలంటే ఇంతకంటే తేలిక దారి లేదు. 2008లో ఆ ఫార్మాట్ ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. 2007 ఐకాన్‌లో కాగితం ఇంకా ఉంది, గీతలున్నాయి, డబ్ల్యుకి అద్దంలాంటి మెరుపు వచ్చింది. ఆ కాలంలో అన్నీ అలాగే మెరిసేవి.

2010లో అక్షరం పెద్దదై ముందుకొచ్చింది, కాగితం వెనక్కి తగ్గింది. (ఈ వెర్షన్ లోపలి నంబరు 14, అంతకుముందుది 12. 13ని వదిలేశారు.) 2013లో మెరుపులూ నీడలూ అన్నీ తుడిచేసి చదును చేశారు. సగం తెరిచిన తలుపులా ఒక ముదురు నీలం పలక, దాని మీద తెల్లటి డబ్ల్యు, వెనక నుంచి కుడివైపు తొంగిచూస్తున్న గీతల కాగితం. నాకు ఈ ఐకాన్ మీద పెద్ద ప్రేమ లేదు. తలుపు ఎందుకో, దానికీ రాతకీ సంబంధమేంటో తెలియదు, ఎక్సెల్‌కీ పవర్‌పాయింట్‌కీ కూడా అదే తలుపు, రంగు తప్ప తేడా లేదు. దూరం నుంచి గుర్తుపట్టడానికి మాత్రం బాగా పనికొచ్చింది.

2018 నవంబర్‌లో జాన్ ఫ్రీడ్‌మన్ డిజైన్ బృందం ప్రకటించిన ఐకాన్ నన్ను ఆలోచింపజేసింది. అందులో అక్షరాన్ని చిన్న చదరంలోకి కుదించి, మిగతా చోటంతా లోపలి సరుకుకి ఇచ్చారు. వర్డ్‌లో ఆ సరుకు నాలుగు అడ్డపట్టీలు, పైన లేత నీలం, కిందికి వచ్చేకొద్దీ ముదురు. ఆలోచన అర్థమవుతుంది, వర్డ్ ఇప్పుడు ఫోన్‌లో ఉంది, బ్రౌజర్‌లో ఉంది, ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఒకే డాక్యుమెంట్‌లో రాస్తున్నారు, రాసింది అచ్చుకి వెళ్లకుండానే చదివేస్తున్నారు, కాబట్టి కాగితం బొమ్మ ఎందుకు, రాతవరసలు చాలు అన్నారు. తెల్లదనం పోయింది, కాగితం అంచు పోయింది. అయినా నాలుగు వరసలు పేర్చిన ఆ నిలువు ఆకారం పేజీని తలపించేది. వరస కింద వరస వస్తోందన్న భావం ఉండేది. నాకు అది నచ్చింది, ఇప్పటికీ వర్డ్ ఐకాన్లలో గట్టి డిజైన్ అదే అంటాను.

2025లో ఒక వరస తగ్గింది. చిన్న సైజులో కూడా స్పష్టంగా ఉండాలని అలా చేశారంటే సరే, ఫోన్ తెర మీద మూడు పట్టీలే బాగా కనపడతాయి. కానీ ఆ వంపులూ జారే రంగులూ కలిశాక అది రాతలా లేదు, మడత పెట్టిన నీలం గుడ్డలా ఉంది. డబ్ల్యు తీసేసి చూపిస్తే ఇది రాసుకునే ప్రోగ్రామ్ అని ఎవరు చెప్పగలరు? 1990ల ఐకాన్‌లో డబ్ల్యు తీసేసినా కాగితం చూసి చెప్పేవాళ్లు. నాకున్న అభ్యంతరం ఇదే.

ఎందుకంటే లోపలికి వెళ్లి చూడండి. కొత్త ఐకాన్ నొక్కితే తెరుచుకునేది ఇప్పటికీ తెల్ల కాగితమే. చుట్టూ మార్జిన్లు, పైన రూలరు, పేజీ నిండితే కింద ఇంకో పేజీ. వర్డ్ బలం అక్కడే ఉంది. పుస్తకం, థీసిస్, ఒప్పంద పత్రం, కోర్టు కాగితం, ఇలా అచ్చు పేజీ లెక్క ముఖ్యమైన చోట బ్రౌజర్‌లో నడిచే తేలికపాటి ప్రోగ్రామ్‌లు ఇంకా దీని దరిదాపుల్లోకి రాలేదు. ఫుట్‌నోట్లు, విషయసూచిక, క్రాస్ రిఫరెన్సులు, ఎవరు ఏం మార్చారో చూపే ట్రాక్ చేంజెస్, ఇవన్నీ వందల పేజీల డాక్యుమెంట్‌లోనూ పనిచేస్తాయి, హెడింగ్ స్టైల్స్ మొదటి నుంచీ సరిగ్గా వాడితే.

ఆ షరతు గట్టిదే. స్పేస్ బార్‌తో జరిపి, ఎంటర్లు కొట్టి పేజీ మార్చి, ప్రతి హెడింగ్‌నీ చేత్తో బోల్డ్ చేసుకుంటూ పోతే వర్డ్ చుక్కలు చూపిస్తుంది. ఆటోమేటిక్ నంబర్లు ఒకచోట మారిస్తే ఇంకోచోట చెడతాయి, ముఖ్యంగా వేరే డాక్యుమెంట్ నుంచి పేస్ట్ చేసినప్పుడు. పేస్ట్‌కి కంట్రోల్, షిఫ్ట్, వి వాడండి, 2023లో వచ్చింది, ఆకృతి లేకుండా మాటలు మాత్రమే తెస్తుంది, ఇది ఇరవై ఏళ్ల ముందే రావాల్సింది. బొమ్మలు ఎగిరిపడటం ఇంకో పాత సమస్య. బొమ్మని ఇన్ లైన్ విత్ టెక్స్ట్ అని పెడితే అది ఒక పెద్ద అక్షరంలా వరసలో కూర్చుంటుంది, కదలదు. చుట్టూ రాత పారేలా పెడితే ఏదో ఒక పేరాకి కట్టి ఉంటుంది, ఆ పేరా జరిగితే బొమ్మా జరుగుతుంది. లంగరు గుర్తు చూస్తే ఏ పేరాకి కట్టి ఉందో తెలుస్తుంది. అక్షరాల ఆకృతి చెడితే కంట్రోల్, స్పేస్, పేరా ఆకృతి చెడితే కంట్రోల్, క్యు. ఇవి గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

నచ్చనివి కూడా చెబుతాను. ఖాతాతో లాగిన్ అయితే మొదట క్లౌడ్‌లో దాచమని అడగడం, సొంత కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కి వెళ్లడానికి రెండు మూడు నొక్కులు ఎక్కువ పట్టడం. నెలనెలా లేదా ఏడాదికోసారి కట్టే చందా పద్ధతి రోజూ వాడేవాళ్లకి సరే, అప్పుడప్పుడు ఒక ఉత్తరం రాసుకునేవాళ్లకి దండగ, వాళ్లకి బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే వర్డ్ చాలు. 2023లో కాలిబ్రిని తీసి తెచ్చిన ఆప్టోస్ ఫాంట్ మాత్రం నాకు బాగానే ఉంది, స్టీవ్ మాటెసన్ గీసింది, కాలిబ్రి కంటే కొంచెం గట్టిగా నిలబడుతుంది.

ఒక పాత బొమ్మని మాత్రం ఇన్ని మార్పుల్లోనూ ఉంచారు. పైన ఎడమ మూలలో, సేవ్ అంటే ఇప్పటికీ ఫ్లాపీ డిస్కే. ఆ డిస్క్‌ని చేత్తో పట్టుకోని పిల్లలు కూడా దాన్ని చూసి సేవ్ అనే చదువుతారు. డిస్కులు మాయమై ఇన్నేళ్లయినా ఆ బొమ్మ ఉండగా, లోపల రోజూ వాడే కాగితాన్ని బయటి బొమ్మలోంచి ఎందుకు తీశారో నాకు అర్థం కావడం లేదు. వచ్చేసారి ఐకాన్ మార్చేటప్పుడు ఆ నాలుగో గీత వెనక్కి తెచ్చి, వెనకాల కాస్త తెల్లటి అంచు కూడా కనపడేలా పెడితే బాగుంటుంది.